తొమ్మిది మందికి ఒక్క గోడ

నమూనా ఇంటి విభాగం, మూడో అంతస్తు
మార్చి 4

అత్తా,

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పేస్తాను. అరవై రోజులు మూసి ఉంచాల్సిన మా నమూనా ఇంటి తలుపును ఇరవై మూడో రోజునే తెరిచాం. ఎందుకు తెరవాల్సి వచ్చిందో ఈ నెల ఇరవయ్యో తేదీలోపు నేను నివేదిక ఇవ్వాలి. మా విభాగంలో నలభై మందిమి ఉన్నాం. ఒకే గదిలో గంపెడు మందితో బతికిన అనుభవం నాకు తప్ప ఎవరికీ లేదు. ఆ అనుభవం ఉందని నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఫోన్ చేద్దామంటే నీకు సగం మాటలు వినపడవు, మిగతా సగాన్ని వేళాకోళం చేస్తావు. అందుకే ఉత్తరం.

మా పని నీకు కొంత తెలుసు. భూమిని వదిలి నెలల తరబడి దూరం వెళ్ళేవాళ్ళకు ఇల్లు ఎలా ఉండాలో గీస్తాం. గీసినదాన్ని ముందు నేల మీదే కట్టి, మనుషుల్ని లోపల పెట్టి చూస్తాం. ఈ ఇల్లు పడుకోబెట్టిన నీళ్ళ ట్యాంకులా ఉంటుంది. పొడవు పదకొండు అడుగులు వేస్తే అయిపోతుంది. లోపల నలుగురు: ఒక పైలట్, ఒక డాక్టరు, మట్టి మీద పరిశోధన చేసే ఆవిడ, ఒక మెకానిక్. అసలు ప్రయాణం అయిదువందల రోజులు.

బాత్రూముకు తప్ప లోపల ఎక్కడా తలుపులు లేవు. డైరెక్టరు గారి ఉద్దేశంలో తలుపు అనేది అనుమానానికి గుర్తు, నలుగురూ ఒక కుటుంబంలా ఉండాలంటే అడ్డాలు ఉండకూడదు. ఒకసారి టీకి పిలిస్తే వారింటికి వెళ్ళాను. పద్నాలుగు తలుపులు లెక్కపెట్టాను. అందులో ఒకటి కుక్కది.

లోపల గొడవేమీ జరగలేదు. అదే విచిత్రం. పదో రోజు నుంచి మట్టి శాస్త్రవేత్త తన భోజనం బాత్రూములో నిలబడి తినడం మొదలుపెట్టింది. పైలట్ రోజుకు ఆరుసార్లు గాలిని వడకట్టే జల్లెడ శుభ్రం చేస్తానని అనుమతి అడిగేవాడు. ఆ జల్లెడ అలమర తెరిస్తే దాని రెక్క మనిషిని నడుము దాకా కప్పుతుంది. ఇరవై మూడో రోజు డాక్టరు సామాన్ల బీరువాలో దూరి, చాలా మర్యాదగా, బయటికి రానని చెప్పాడు.

కమిటీ మూడు గంటలు చర్చించి గోడల రంగు తప్పని తేల్చింది. లేత ఆకుపచ్చ తీసి లేత నీలం వేస్తారట.

మనం తొమ్మిది మందిమి ఒక గదిలో పదకొండేళ్ళు ఉన్నాం. హత్యలేవీ జరగలేదు. ఎలా ఉన్నామో నాకు గుర్తున్నది పిల్లలకు గుర్తుండేంతే. నీకు గుర్తున్నదంతా రాయి. గది కొలతలు కూడా.

నీ మేనకోడలు

*

కుట్టుమిషన్ల షెడ్డు, వెనక గది
మార్చి 9

ఏమే ఇంజినీరమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చి సగంలో ఆగిపోయాను, అందుకని. చుక్కల్లో ఇల్లు కడతామని బయల్దేరి, చివరికి మన గది కొలతలు అడుగుతున్నారన్నమాట. రాసుకో. పన్నెండడుగులు, పది అడుగులు. ఒక గోడకి పొయ్యి, ఒక గోడకి తలుపూ కిటికీ, ఒక గోడకి ట్రంకుపెట్టెలూ దండెం. నాలుగో గోడకి చుట్టిన చాపలు. ఆ చాపల పక్కన మూడడుగుల ఖాళీ.

హత్యలు జరగలేదని నీకెవరు చెప్పారు? మీ పిన్ని నన్ను రోజుకి రెండుసార్లు చంపేది, చూపుల్తో. నేను మూడుసార్లు. ఆ లెక్కలో నేనే ముందు. ఇల్లు ఇరకాటం, ఆలు మర్కటం అన్న సామెత మీ డైరెక్టరుకి చెప్పు. చెప్పాక కూడా నీ ఉద్యోగం ఉంటే మళ్ళీ రాయి.

నలుగురూ కుటుంబంలా ఉండాలని తలుపులు పీకేశాడా? ఆయనకి కుటుంబం ఉందా, లేకపోతే పద్నాలుగు తలుపులే ఉన్నాయా? ప్రేమకి జానెడు చోటు చాలే. కోపానికే ఇల్లు కావాలి. మీరు ప్రేమ కొలతలు తీసి కోపాన్ని అందులో కూర్చోబెట్టారు. అది బీరువాలో దూరింది.

మన గదిలో పద్ధతులుండేవి. తినేవాళ్ళ మొహంలోకి చూడకూడదు. ఏం ఆలోచిస్తున్నావని అడక్కూడదు. రాత్రి ఎవరైనా మూలిగితే, పొద్దున మూలిగినట్టు గుర్తుండకూడదు. అన్నిటికంటే పెద్ద పద్ధతి గోడ. చాపల పక్కన గోడవైపు తిరిగి ఎవరు కూర్చుంటే వాళ్ళు ఇంట్లో లేనట్టే. పలకరించకూడదు, పని చెప్పకూడదు, దాటిపోయేటప్పుడు కాలు కూడా తగలకూడదు. ఒకసారి పోస్టుమాన్ మీ నాన్నకి రిజిస్టరు ఉత్తరం తెచ్చాడు. మీ నాన్న గోడవైపున్నాడు. మీ నానమ్మ గుమ్మంలో నిలబడి "ఇంట్లో లేడు నాయనా" అంది. పోస్టుమాన్ ఈవిడ భుజం మీదనుంచి మీ నాన్న వీపు చూశాడు. "ఎప్పుడొస్తారు?" అన్నాడు. "ఇటు తిరిగినప్పుడు" అంది. మర్నాడు మళ్ళీ వచ్చాడు పాపం.

ఇంతే. ఇది రాస్తే మీవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. బాత్రూములో నిలబడి తినేదాని కంటే నయం.

అత్త

*

నమూనా ఇంటి విభాగం, మూడో అంతస్తు
మార్చి 22

అత్తా,

ఎవరూ నవ్వలేదు. నువ్వు రాసినది నివేదికలో పెట్టి మొన్న కమిటీ ముందు చదివాను. తర్వాత డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు, ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. దీనికి 'నవసభ్య నివాస పద్ధతి' అని పేరు పెట్టారు. అత్తా, మన గదికి పేరు వచ్చింది.

ఇక రంగు మార్చడం లేదు. ఇంట్లో నలుగురికీ తలా ఒక గోడ పలక పెడతారు. పలకవైపు ఎవరైనా తిరిగితే దానిలోని కన్ను కనిపెడుతుంది, పైన చిన్న దీపం వెలుగుతుంది, ఆ మనిషి లేడని మిగతావాళ్ళ గడియారాలకు సందేశం వెళ్తుంది. వీపు చూస్తే తెలుస్తుంది కదా అని నేను అన్నాను. వీపును కొలవలేమని చెప్పారు.

ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన పని బరువులు చూడడం. పైకి వెళ్ళే ప్రతి వస్తువునూ గ్రాముల్లో చూస్తాడు కాబట్టి అందరం గ్రాముల గారు అంటాం. పోయినేడాది టూత్‌బ్రష్‌ల పిడులు సగానికి కోయించాడు. నాలుగు పలకలూ కలిపి ఎంతవుతాయో రాసుకుని వెళ్ళిపోయాడు.

నివేదిక ప్రతి ఒకటి నీకు పంపుతున్నాను. గది పటం నేనే గీశాను. భాష కొంచెం ఆఫీసు భాష, అర్థం కాకపోతే పట్టించుకోకు. కమిటీ తీరు వేరు కనుక నేను ఒక కుటుంబాన్ని పరిశీలించినట్టు రాయాల్సి వచ్చింది. ఇక్కడ అలాగే రాస్తారు.

నీ మేనకోడలు

*

కుట్టుమిషన్ల షెడ్డు, వెనక గది
మార్చి 28

గొప్ప పరిశీలకురాలు గారికి,

మీ నివేదిక అందినది. అర్థం కాకపోతే పట్టించుకోవద్దన్నారు. అర్థమైంది కాబట్టి పట్టించుకుంటున్నాను.

'నివాసులు గోడకు అభిముఖులై తమ సామాజిక అనుపస్థితిని ప్రకటించుదురు' అని రాశారు. ఇది పలకడానికి నాకు రెండు గుటకల మంచినీళ్ళు పట్టాయి. మీ నాన్న బీడీ తాగాలనిపించినప్పుడల్లా అంత పని చేసేవాడని నాకు తెలీదు. నాలుగో పేజీలో ఒకావిడ ఉంది. 'చదువులేని నడివయసు స్త్రీ, వివరాలు చెప్పుటలో సహకరించినది.' ఎవరావిడ? మన గదిలో నేనెప్పుడూ చూళ్ళేదే. నువ్వు పలక మీద అక్షరాలు దిద్దుతుంటే నీ భుజం మీదనుంచి చూసి నేర్చుకున్నదాన్ని నేను. ఆ అక్షరాలతోనే నీ నాలుగో పేజీ చదివాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని నీలాంటివాళ్ళని చూసే అని ఉంటారు.

సరే, నన్ను ఏమన్నా రాసుకో. షెడ్డులో సూపర్వైజరు ఇంతకంటే ఎక్కువే అంటాడు. నీ పటం చూశాను. చక్కగా గీశావు. గీతలు నా కుట్టుకంటే తిన్నగా ఉన్నాయి. పొయ్యి దగ్గర మీ నానమ్మ చాప, గుమ్మం పక్కన మీ నాన్నదీ అమ్మదీ, పెట్టెల కింద బాబాయిదీ పిన్నిదీ, మధ్యలో వాళ్ళ పిల్లలవి రెండు, కిటికీ కింద నాది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎనిమిది.

తొమ్మిది మంది ఇల్లని ఇరవైసార్లు రాశావు. నలభైమంది చప్పట్లు కొట్టారు. ఒక్కళ్ళు కూడా చాపలు లెక్కపెట్టలేదు. మీరు మనుషుల్ని చుక్కల్లోకి పంపించి మళ్ళీ వెనక్కి తెచ్చేవాళ్ళా?

నా పక్కన, కిటికీ కింద, కాళ్ళు నా కడుపులో పెట్టి పడుకునే పిల్ల ఒకతి ఉండేది. దాని చాప ఏమైంది? మమ్మల్ని దాచావంటే అర్థం చేసుకుంటాను, మేము ఆఫీసులో కనపడేలా ఉండం. నిన్ను నువ్వెందుకు దాచుకున్నావే?

సహకరించిన స్త్రీ

*

నమూనా ఇంటి విభాగం, మూడో అంతస్తు
ఏప్రిల్ 5

అత్తా,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. జవాబు నాలుగుసార్లు రాసి చించాను.

కావాలని చెరపలేదు. నువ్వు నమ్మవు కానీ నిజం. అందరి చాపలూ గుర్తు తెచ్చుకుంటూ గీశాను. గీసేటప్పుడు నేను చూస్తున్న మనిషిని, చూస్తున్న మనిషికి కూడా చాప ఉంటుందన్న ఆలోచనే రాలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం భోజనాల బల్ల దగ్గర ఎవరి గది ఎలా ఉండేదో చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. నా గదిలో కిటికీ ఉండేదని చెప్పాను. అది అబద్ధం కాదు. అక్కడితో ఆపేశాను. మూడేళ్ళుగా అక్కడే ఆగి ఉన్నాను. 'చదువులేని' అన్న మాట మాత్రం తెలిసే రాశాను. దానికి సాకు లేదు. క్షమించమని అడుగుతున్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి, ఇది ఆగేది కాదు.

గ్రాముల గారు లెక్క వేసుకుని తిరిగి వచ్చారు. నాలుగు పలకలు కుదరవట, ఒక్కటి పెడతారట. నలుగురికీ వంతులు, తలా ఆరు గంటలు. ఇంటి మధ్యలో కాలపట్టిక తగిలిస్తారు. మట్టి శాస్త్రవేత్తకు దుఃఖం వస్తే పదకొండు గంటలకు తన వంతు వచ్చేదాకా ఆగాలన్నమాట. ఇది కుదరదని నేను లేచాను. ఆయన నా నివేదికే తెరిచి, వేలుపెట్టి చూపించారు. "తొమ్మిది మందికి ఒక గోడ సరిపోయిందని మీరే రాశారు కదమ్మా. నలుగురికి ఒకటంటే విలాసమే." డైరెక్టరు గారికి ఆ మాట ఎంత నచ్చిందంటే తర్వాతి సమావేశంలో తన మాటగా చెప్పారు.

ఒక గోడ చాలునని నేను సంతకం పెట్టాలి. ఏప్రిల్ ఇరవై రెండున కమిటీ కూర్చుని పటం ఖాయం చేస్తుంది. ఆ తర్వాత ఇంట్లో మేకు కూడా మారదు.

నిజం చెప్పనా? ఆయన అన్నదాంట్లో తప్పు నాకు కనపడడం లేదు. మనకు ఒక్కటే ఉండేది. నాకైతే ఎప్పుడు వెళ్ళినా ఖాళీగానే దొరికింది. పదో తరగతి దాకా రోజూ సాయంత్రం అక్కడే కూర్చుని చదివాను, లెమ్మని ఎవరూ అనలేదు. అందుకే సూటిగా అడుగుతున్నాను. మన గదిలో గోడ దొరకనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నీ మేనకోడలు

*

కుట్టుమిషన్ల షెడ్డు, వెనక గది
ఏప్రిల్ 9

కోడలా,

ఈ ఉత్తరంలో వేళాకోళం తక్కువుంటుంది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడకు.

గోడ నీకెప్పుడూ ఖాళీగానే దొరికిందని రాశావు. ఎందుకు దొరికిందో చెప్తాను.

ఆ గోడ మొదలెట్టింది నేను. నీకప్పుడు ఆరేళ్ళు. మా ఆయన నన్ను ఒక సంచీతో మీ గుమ్మం ముందు దింపి, నాలుగు రోజులుండి రా అన్నాడు. ఆ నాలుగు రోజులూ ఇంకా అవలేదు. తొమ్మిది మంది గదిలో ఏడవడమంటే సభలో ఏడ్చినట్టే. ఒకరు నీళ్ళిస్తారు, ఒకరు వాణ్ణి తిడతారు, ఒకరు నన్నే తిడతారు. మూడో రోజు నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. మీ నాన్న భుజం పట్టుకుని ఇటు తిప్పబోయాడు. మీ నానమ్మ పొయ్యి దగ్గర్నుంచే అంది, "దాన్ని ముట్టుకోకు. గోడవైపు తిరిగిన మనిషి ఇంట్లో లేదు. లేని మనిషిని ఎవరూ పిలవకండి."

పద్ధతి అలా వచ్చింది. తర్వాత అందరూ వాడుకున్నారు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు. దీపాలు పెట్టేవేళ నుంచి అన్నాలదాకా మాత్రం నాది. ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు.

నువ్వు ఆరో క్లాసుకొచ్చావు. పుస్తకం పట్టుకుని గది మధ్యలో కూర్చుంటే అయిదుగురు అయిదు పనులు చెప్పేవాళ్ళు. ఒకరోజు నేను షెడ్డు నుంచి వచ్చేసరికి నా చోట్లో నువ్వున్నావు. నీ వీపు జానెడుంది. నానమ్మ నా వంక చూసింది. నేనేం మాట్లాడలేదు. మర్నాడూ అంతే. ఆ పై వారం నేను రెండో షిఫ్టు అడిగి తీసుకున్నాను. ముప్పై మిషన్ల మోతలో ఎంత ఏడ్చినా పక్కదానికి వినపడదు. అయిదేళ్ళు చేశాను. ఏడుపు ఎప్పుడో అయిపోయింది, షిఫ్టు మిగిలింది. ఈ చెవులు అక్కడే పోయాయి.

నువ్వు లాక్కున్నావని రాయడం లేదు. నీకు తెలీదు. నేను చెప్పేదే అది. ఒక గోడకి ఇద్దరుంటే, వదులుకున్నవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. తీసుకున్నవాళ్ళకి తీసుకున్నట్టే తెలీదు. మీ కాగితం మీద మాత్రం గోడ సరిపోయింది అనే ఉంటుంది. మీ నలుగురిలో కూడా అలా వదులుకునే మనిషి ఒకరుంటారు, వాళ్ళే అందరికంటే మర్యాదగా ఉంటారు, మీ కాలపట్టిక అన్నిటికంటే బాగా పాటిస్తారు. నాకు షెడ్డు ఉంది కాబట్టి వెళ్ళాను. వాళ్ళు తలుపు తీసుకుని ఎక్కడికి పోవాలో మీ గ్రాములాయన్ని అడుగు.

ఇప్పుడు నాకు నాలుగు గోడలూ ఉన్నాయి. ఏం చేసుకోవాలో తెలీక ఒకదానికి క్యాలెండరు తగిలించాను.

అత్త

*

నమూనా ఇంటి విభాగం, మూడో అంతస్తు
ఏప్రిల్ 13

అత్తా,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. మధ్యాహ్నం దాకా పని చేసినట్టు నటించాను. తర్వాత పటం తీసుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. గ్రాముల గారు కూడా అక్కడే ఉన్నారు. ఏం చెప్పాలో దారిలో అనుకున్నదంతా మర్చిపోయాను. పటం బల్ల మీద పరిచి, పెన్నుతో కిటికీ కింద తొమ్మిదో చాప గీసి, "ఇది నాది" అన్నాను.

డైరెక్టరు గారు పటాన్ని చూసి నన్ను చూశారు. పటమే లేచి మాట్లాడినట్టు చూశారు. చాలా దయగా అన్నారు, "మీరు ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా. మిమ్మల్నే పరిశీలించేవాళ్ళం." ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినంత మెల్లగా, ప్రతి మాటా విడదీసి నాతో మాట్లాడడం మొదలుపెట్టారు. మూడేళ్ళుగా ఆయన ప్రసంగాలు రాసిపెట్టేది నేనే.

ఒక గోడ చాలునని నేను సంతకం పెట్టనని చెప్పాను. ఆయనేమీ కోప్పడలేదు. సంతకం చేయగలవాళ్ళు విభాగంలో ఇంకా ముప్పై తొమ్మిది మంది ఉన్నారు.

అప్పుడు నీ ఉత్తరంలో రెండో షిఫ్టు సంగతి చదివి వినిపించాను. నిన్ను అడక్కుండా చదివాను, దానికి కూడా తిట్టు. డైరెక్టరు గారు చాలా హృదయవిదారకం అన్నారు, గడియారం చూసుకున్నారు. గ్రాముల గారు మాత్రం పుస్తకం మూసేశారు. ఆయన పుస్తకం మూయడం నేనెప్పుడూ చూడలేదు. "ఈవిడ ఏం కుడతారు?" అని అడిగారు. యూనిఫారాలు, లారీల మీద కప్పే పెద్ద గుడ్డలు అన్నాను. ఆయన కాసేపు పైకప్పు చూసి, గోడంటే పలకే అయి తీరాలా, మనిషి వీపు వెనక బిగువుగా నిలిచే గుడ్డ అయితే చాలదా, ఆ లెక్కన నాలుగూ కలిపినా ఒక పలక బరువులో సగం రావు అన్నారు. గుడ్డ గోడను చూసి మనిషి లేడని ఎదుటివాళ్ళు ఒప్పుకుంటారా, దేనితో కుట్టాలి, ఎంత వెడల్పు ఉంటే మోకాళ్ళు బయటికి కనపడవు, ఇవి ఆయనకు తెలియవు. నాకూ తెలియవు. నలభై మందిలో ఎవరికీ తెలియవు.

కమిటీ ఇరవై రెండున కూర్చుంటుంది. ఉత్తరం సాక్ష్యం కాదని, మనిషి వచ్చి చెప్పాలని డైరెక్టరు గారి షరతు. నువ్వు రావని ఆయన ధీమా. నీ తరఫున నేనే చెప్పగలను, నాకు ఆఫీసు భాష వచ్చు, చప్పట్లు కూడా కొడతారేమో. కానీ అలా చేస్తే నీ చోట్లో నేను మళ్ళీ వెళ్ళి కూర్చున్నట్టే. ఈసారి తెలిసి కూర్చున్నట్టు. అది నా వల్ల కాదు.

వచ్చేవాళ్ళు ముందుగా నింపాల్సిన ఫారం దీంతో పంపుతున్నాను. పేరు, చదువు, వృత్తి, ఏ విషయంలో నిపుణులు అని గళ్ళు ఉన్నాయి. అవేవీ నేను ముట్టుకోలేదు, నీకు తోచినట్టు నీ చేత్తో రాయి. ఒక్క గడి మాత్రం నేను నింపాను. 'నివేదిక రాసినవారికి ఏమవుతారు' అని ఉన్నచోట మేనత్త అని రాసి, కింద నా సంతకం పెట్టాను. అది పెట్టడానికి నన్నెవరూ బలవంతం చేయలేదు.

రాకపోతే రానని రాయి, తప్పుపట్టను. వచ్చేట్టయితే ఫారం పంతొమ్మిదో తేదీ సాయంత్రం అయిదులోపు మా ఆఫీసు కిటికీలో అందాలి. ఏదైనా సరే, ఆ రోజుకల్లా జవాబు రాయి.

నీ మేనకోడలు